ఊరికే చూద్దామని వచ్చాం

చార్మినార్‌కి టికెట్ ఉంది. గోల్కొండకి గైడ్ ఉన్నాడు. జనం భూమిలో, జనం డబ్బుతో సైబరాబాద్‌లో లేచిన కట్టడాల్లో చాలావాటికి ఆ రెండూ లేవు. అయినా ఒక ఆదివారం అటు వెళ్ళి చూడాల్సినవి చాలా ఉన్నాయి. అడగాల్సినవీ ఉన్నాయి.

గచ్చిబౌలి నుంచి మైండ్‌స్పేస్ వైపు వెళ్ళేవాళ్ళు రోజూ పలికే పేరు బయోడైవర్సిటీ. ఆటో మాట్లాడుకునేటప్పుడు అంటారు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామని ఇంటికి ఫోన్ చేసేటప్పుడు అంటారు. ఆ పేరు ఎక్కడిదని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. 2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందంలోని దేశాలు తమ పదకొండో సమావేశాన్ని ఇక్కడి అంతర్జాతీయ సమావేశ కేంద్రం హెచ్‌ఐసీసీలో జరుపుకున్నాయి. ఆ జ్ఞాపకంగా వెలిసిన పార్కు వల్ల కూడలికి ఆ పేరు వచ్చింది. భూమ్మీది చెట్టూ చేమా, పురుగూ పుట్రా కాపాడుకోవడం ఎలాగని ప్రపంచం వచ్చి చర్చించుకున్న సంగతికి గుర్తు ఇప్పుడు మనకొక సిగ్నల్.

ఈ ఐటీ కారిడార్ అంతా ఇలాగే ఉంటుంది. పాతిక, ముప్పై ఏళ్ళ చరిత్ర రోడ్డు పక్కనే నిలబడి ఉంటుంది గానీ దాన్ని చరిత్రగా చూడటం మనకింకా అలవాటు కాలేదు. మాదాపూర్ అనగానే ప్రైవేటు కంపెనీల గాజు మేడలే గుర్తొస్తాయి. వాటి మధ్యే ప్రభుత్వం కట్టినవి, ప్రభుత్వం భాగస్వామిగా నిలబడి కట్టించినవి, పార్లమెంటు చట్టం చేసి తెచ్చినవి వరసగా ఉన్నాయి. పని రోజుల్లో వాటిని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆదివారం ఉదయం ఏడు గంటలకు రోడ్లు ఖాళీగా ఉంటాయి, భవనాలు నిండుగా కనిపిస్తాయి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు వచ్చేయండి.

గుండ్రటి భవనం

రైలు హైటెక్ సిటీ స్టేషన్‌కి దగ్గరపడేటప్పుడు కిటికీలోంచి సైబర్ టవర్స్ కనిపిస్తుంది. కింద నిలబడితే ఫ్లైఓవర్, మెట్రో స్తంభాలు, హోర్డింగులు అడ్డొస్తాయి. దాన్ని పూర్తిగా చూడాలంటే ఇప్పుడు మెట్రో కిటికీయే మంచి చోటు.

పది అంతస్తులు. ఆ పక్కన ముప్పై, నలభై అంతస్తులవి లేచాక ఇది పొట్టిగానే అనిపిస్తుంది. కానీ 1998 నవంబరు 22న, అదీ ఒక ఆదివారమే, ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి దీన్ని ప్రారంభించిన రోజున చుట్టూ ఉన్నవి బండరాళ్ళు, తుమ్మ చెట్లు, అక్కడక్కడ పొలాలు. అప్పటికి చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. కట్టింది ఎల్ అండ్ టీ, ప్రభుత్వం తరఫున భాగస్వామి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ. భవనాన్ని నాలుగు భాగాలుగా చేసి గుండ్రంగా నిలిపారు. మధ్యలో ఆకాశానికి తెరిచిన ఖాళీ, అందులో ఫౌంటెన్. లోపలికి వెళ్ళినవాళ్ళకు నాలుగు వైపుల ఆఫీసులూ ఒక వాకిట్లోకి చూస్తున్నట్టు ఉంటాయి. మన పాత మండువా ఇంటిని పది అంతస్తులు పైకి లేపినట్టు.

2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి మాట్లాడారు. అప్పటికి చాలా జిల్లాల్లో పిల్లలు కంప్యూటర్‌ని నిజంగా చూసింది లేదు. కానీ ఈ గుండ్రటి భవనం బొమ్మను మాత్రం క్యాలెండర్ల మీద, పోస్టుకార్డుల మీద చార్మినార్ పక్కన చూశారు. స్కూలు విహారయాత్రల బస్సులు గోల్కొండ నుంచి ఇటు తిరిగి, రోడ్డు పక్కన ఆగి, పిల్లలను దింపి, దూరం నుంచే చూపించి తీసుకెళ్ళేవి. ఒక ఆఫీసు భవనాన్ని చూపించడానికి పిల్లలను బస్సులో తేవడం తెలుగు నేలలో అంతకుముందు ఎక్కువగా జరిగింది కాదు. ఈ కట్టడం విలువ చదరపు అడుగుల్లో లేదు. ఒక తరం తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లల చదువును ఎటు మళ్ళించాలో దీన్ని చూసి నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే మాట. అంత పెద్ద మలుపుకి గుర్తుగా నిలిచిన భవనం దగ్గర, రోడ్డు మీద నిలబడినవాడికి ఆ సంగతి చెప్పే ఏర్పాటు ఉండాలి.

రిజిస్టరులో లేని గడి

ఈ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ భవనం గేటు దగ్గర చూసిన సంగతి చెప్పాలి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య. కూతురు ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చేస్తోంది. ఆమె తయారై వచ్చేలోగా కాస్త తిరుగుదామని బయల్దేరారట. గేటు తెరిచి ఉంది, లోపల పచ్చిక కనిపిస్తోంది, ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు.

"ఎవర్ని కలవాలె పెద్దాయనా?" సెక్యూరిటీ అబ్బాయి మర్యాదగానే అడిగాడు.

"ఎవర్ని లేదు బిడ్డా. ఊకెనే చూద్దామని వచ్చినం."

అబ్బాయి రిజిస్టరు తిప్పి చూపించాడు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, బండి నంబరు, ఎవరిని కలవాలి, పని ఏమిటి, లోపలికి వెళ్ళిన టైము, బయటికి వచ్చిన టైము, సంతకం. చూడటానికి వచ్చినవాడు నింపగలిగిన గడులు కొన్ని, నింపలేనివి రెండు. ఆ రెండూ నింపకపోతే పాస్ రాదు. తప్పు అబ్బాయిది కాదు, అతనికి ఇచ్చిన పుస్తకం అలా ఉంది. పెద్దావిడ కటకటాల్లోంచి పచ్చికను చూసి, "మస్తుగుంది" అని వెనక్కి తిరిగింది.

మన ప్రభుత్వ కార్యాలయాలన్నీ పని మీద వచ్చేవాళ్ళ కోసమే ఏర్పడ్డాయి. అర్జీ, ఫిర్యాదు, సంతకం, ముద్ర. చూడటం కూడా పౌరుడికి ఒక పనే అన్న ఆలోచన ఆ పుస్తకంలోకి ఇంకా రాలేదు. సైబరాబాద్ పర్యటనంతా ఈ గడి చుట్టూనే తిరుగుతుంది. ఎవరినీ కలవకుండా వెళ్ళగలిగే చోట్లు ఏవి, వెళ్ళలేనివి ఏవి?

తలుపులు తెరిచి ఉన్నవి

మొదటిది శిల్పారామం. సైబర్ టవర్స్ నుంచి నాలుగడుగులు. 1992లో తలపెట్టిన ఈ చేతివృత్తుల గ్రామం ప్రభుత్వానిదే. హైటెక్ సిటీ కన్నా పెద్దది వయసులో. పోచంపల్లి, గద్వాల చీరలు, నిర్మల్, చేర్యాల బొమ్మలు కొనడానికి జనం వస్తారు, మంచిదే. నాకు ఇష్టమైనది మాత్రం పల్లె మ్యూజియం. మట్టి గోడలు, గడ్డి కప్పులు, కుమ్మరి, నేతగాడు, వడ్రంగి నిలువెత్తు బొమ్మలు. సాయంత్రం వెలుగులో ఆ పాకల వెనుక ఐటీ టవర్లు కనిపిస్తాయి. మాదాపూర్, కొండాపూర్ ముప్పై ఐదేళ్ళ కిందట ఎలా ఉండేవో పిల్లలకు నోటితో చెప్పక్కర్లేదు, అక్కడ నిలబెడితే చాలు. లోపలే రాళ్ళ మ్యూజియం కూడా ఉంది. దాన్ని దాటవేయకండి. ఈ ప్రాంతపు నల్లసేనపు రాయి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఇక్కడ కట్టిన ప్రతి పునాదీ ఆ రాయిని పేల్చి వేసిందే.

కొత్తగూడ దాటాక నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998లో మొదలైంది. తాపీ పని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో యువతకు శిక్షణ ఇచ్చే సంస్థ. పర్యాటకుల జాబితాల్లో ఎక్కడా ఉండదు. ఈ మేడలన్నీ చేతులతో కట్టినవాళ్ళను తలుచుకోవడానికి ఇంతకన్నా సరైన చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఆ పక్కనే హెచ్‌ఐసీసీ, 2006లో తెరిచారు. కట్టినప్పుడు ఏపీఐఐసీ ఇక్కడా భాగస్వామే. ఏదైనా ప్రదర్శనో, పుస్తకోత్సవమో, సదస్సో ఉన్న రోజు తప్ప లోపలికి వెళ్ళడం కష్టం. వెళ్ళే వీలు దొరికితే పెద్ద హాల్లో ఒక్క నిమిషం నిలబడండి. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ ఇక్కడే జరిగింది. వందేళ్ళు దాటిన ఆ సభ భారతదేశానికి రావడం అదే మొదటిసారి. గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకాలు ఆ ఏడాది నలుగురికి మాదాపూర్‌లో అందాయి. ఆ రోజుల్లోనే విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి నలభై మందితో చదరంగం ఆడారు. ఐఐటీ కోచింగుల కోసం లక్షల ఇళ్ళలో లెక్కల పుస్తకాలు అరిగిపోయే మన రాష్ట్రాల్లో ఈ సంగతి తెలిసిన పిల్లలు ఎందరు?

చెరువు మీద

దుర్గం చెరువు దగ్గర రిజిస్టరు లేదు, అందుకే ఈ కారిడార్‌లో జనానికి బాగా దగ్గరైన ప్రభుత్వ కట్టడం తీగల వంతెనే అయింది. 2020 సెప్టెంబరు 25న తెరిచారు. దాదాపు 184 కోట్లు ఖర్చయింది. రెండు స్తంభాల మధ్య దూరం దాదాపు 234 మీటర్లు. స్తంభాలు రెండూ ఒడ్డుల వైపే ఉన్నాయి, నీళ్ళ మధ్యలో ఒక్కటి కూడా లేదు.

నడిచేవాళ్ళ దారిలో వంతెన నడిమికి వెళ్ళి, తీగలను గమనించండి. చాలా తీగల వంతెనల్లో స్తంభాలు ఆకాశానికి లేచి ఉంటాయి, తీగలు మరింత నిటారుగా దిగుతాయి. ఇక్కడ స్తంభాలు అంత ఎత్తు లేవు, తీగలు వాలుగా పరుచుకుని ఉన్నాయి. ఇంజనీర్లు దీన్ని ఎక్స్‌ట్రాడోస్డ్ పద్ధతి అంటారు. బరువంతా తీగల మీదే వేయకుండా కింది కాంక్రీటు దూలం కూడా మంచి వాటా మోస్తుంది. మొత్తం 56 తీగలు. దూరం నుంచి దారాల్లా ఉంటాయి గానీ, దగ్గరికి వెళితే ఒక్కొక్కటి చేతికి ఇమడనంత లావు గొట్టం. పెద్ద బస్సు పక్క నుంచి వెళ్ళినప్పుడు కాళ్ళ కింద సన్నటి కదలిక తెలుస్తుంది. భయపడాల్సింది లేదు, వంతెన తన పని చేస్తోందని అర్థం.

కిందికి చూస్తే గోల్కొండ కాలపు నీళ్ళు. కుతుబ్‌షాహీల కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు ఇది. నాలుగు వందల ఏళ్ళు దాటిన ప్రజా నీటి ఏర్పాటు మీదుగా ఈ శతాబ్దపు ప్రజా రహదారి వెళుతోంది. రెండింటినీ ఒకే చోట నిలబడి చూసే భాగ్యం దేశంలో ఎన్ని నగరాలకు ఉంది? తెరిచిన కొత్తలో వారాంతాల్లో బండ్లు ఆపేసి వంతెనను నడిచేవాళ్ళకు వదిలేశారు. ఊళ్ళు ఊళ్ళే వచ్చి చూశాయి. ఆ పద్ధతి మళ్ళీ రావాలి. ఇప్పుడు మాత్రం బండి నడిరోడ్డు మీద ఆపి ఫోటోలు దిగే పని చేయకండి. ప్రాణాలు పోతాయి.

రాయదుర్గం వైపు తిరిగితే టీ-హబ్, టీ-వర్క్స్. టీ-హబ్ మొదట 2015 నవంబరు 5న ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్ 28న ఈ కొత్త భవనానికి వచ్చింది. అంకుర సంస్థలకు చోటు, సలహా ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం కట్టిన ఇల్లు. బయట నుంచి చూసినా దాని పరిమాణం ఆశ్చర్యపరుస్తుంది. నా మనసు మాత్రం పక్కనున్న టీ-వర్క్స్ మీదే ఉంటుంది. 2023 మార్చి 2న తెరిచిన ఈ భవనం దాదాపు 78 వేల చదరపు అడుగుల కార్ఖానా. తలలో ఉన్న ఆలోచనను లోహంలో, చెక్కలో, ప్లాస్టిక్‌లో మొదటి నమూనాగా చేసి చూసుకునే చోటు. కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ యంత్రం అల్యూమినియం దిమ్మెను చెక్కుతుంటే సన్నటి చుట్టలు రాలడం ఒక్కసారి చూసిన పిల్లవాడు దాన్ని మరిచిపోడు. ఇలాంటి చోటికి అర్జీ పెట్టి వెళ్ళే బృందాలే కాదు, ఆదివారం బస్సు దిగి వచ్చే పిల్లలూ వెళ్ళగలగాలి.

గచ్చిబౌలిలో ఆట, చదువు

గచ్చిబౌలి స్టేడియానికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. కోనసీమ నుంచి వెళ్ళి లోక్‌సభ స్పీకరై, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన మనిషి. అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ జాతీయ క్రీడలు జరిగాయి. ఏడాది తిరగకుండా, 2003 అక్టోబరులో, ఆఫ్రో-ఆసియన్ క్రీడలు. అవి నిజానికి 2001లో ఢిల్లీలో జరగాల్సినవి, వాయిదా పడి హైదరాబాద్‌కి వచ్చాయి. ఆ క్రీడల్లో మన నగరపు అమ్మాయి సానియా మీర్జా నాలుగు స్వర్ణాలు గెలిచింది. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఇదే సొంత మైదానమైంది.

స్టేడియం పక్కనున్న 14 అంతస్తుల టవర్ కథ ఇంకా గట్టిది. క్రీడాకారుల కోసం కట్టిన ఆ భవనాన్ని 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదటి నెలల్లో, 1,500 పడకల టిమ్స్ ఆస్పత్రిగా మార్చారు. మంచాలు, ఆక్సిజన్ గొట్టాలు, పైపులైన్లు అన్నీ కొన్ని వారాల్లోనే వచ్చాయి. ఆ రోజుల్లో తమవాళ్ళ కోసం ఆ గేటు బయట ఎదురుచూసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. ఆ గేటు పక్కన ఒక శిలాఫలకం ఉండాలి. అక్కడ పనిచేసిన నర్సులకు, ఆయాలకు, తిరిగిరానివాళ్ళకు.

రోడ్డు మీద ఇంకాస్త ముందుకు వెళితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. రాజ్యాంగం ప్రస్తావించిన విశ్వవిద్యాలయాలు చాలా అరుదు. ఇది వాటిలో ఒకటి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో భాగంగా ఆంధ్రప్రదేశ్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపించే అధికారం పార్లమెంటుకు ఇస్తూ 371-ఇ అధికరణం చేర్చారు. 1974లో విశ్వవిద్యాలయం పుట్టింది, సరోజినీ నాయుడు ఇంట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో పాఠాలు మొదలుపెట్టి, తర్వాత ఇక్కడి రాళ్ళ మధ్యకు వచ్చింది. తెలుగువాళ్ళ రెండు పెద్ద ఆవేదనలు కలిసిన చోటు ఈ ప్రాంగణం. 2025 వసంతంలో పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మీద విద్యార్థులు కదిలినప్పుడు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పనులు ఆపమన్నప్పుడు దేశమంతా ఇటు చూసింది. పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన మష్రూమ్ రాక్ ఈ ప్రాంగణంలోదే. దాన్ని చూడాలంటే ముందుగా అనుమతి తీసుకుని వెళ్ళండి. రాయి మీదికి ఎక్కవద్దు.

నానక్‌రామ్‌గూడలో ఆగాల్సినవి తక్కువ. మన ఇంట్లో ప్రతి బీమా పాలసీ వెనుక ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఇక్కడే. అక్కడికి దగ్గర్లోనే అమెరికా కాన్సులేట్. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చి 20న ఈ కొత్త ప్రాంగణానికి మారింది, నిర్మాణానికి 34 కోట్ల డాలర్లు. అది మరో దేశపు కార్యాలయం, దాని ఫోటోలు తీయకూడదు, తీయకండి. కానీ తెలుగు కుటుంబాలకు ఇంతగా తెలిసిన విదేశీ ప్రభుత్వ భవనం ఇంకొకటి లేదు. లోపలికి వెళ్ళిన కొడుకు ఏ ముఖంతో బయటికి వస్తాడో అని రోడ్డు అవతల చెట్టు నీడన ఫైలు, ఫోను, వాచీ పట్టుకుని నిలబడే నాన్నలను ఏ పనిరోజు ఉదయం వెళ్ళినా చూడవచ్చు.

తెరవడం కుదిరే పనే

భద్రత మాటేమిటని అధికారులు అడుగుతారు. సరైన ప్రశ్నే. జవాబు మన నగరంలోనే ఉంది. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం దేశాధినేత బస చేసే ఇల్లు. అంతకుమించిన భద్రత ఏ టీ-హబ్‌కీ అక్కర్లేదు. ఇదివరకు అక్కడికి ఏడాదికి కొద్ది రోజులే జనాన్ని రానిచ్చేవారు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా రానిస్తున్నారు. ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. వంటగది నుంచి భోజనశాలకు వెళ్ళే సొరంగాన్ని చేర్యాల బొమ్మలతో అలంకరించి మరీ చూపిస్తున్నారు. బెంగళూరులో విధాన సౌధకు 2025 జూన్‌లో గైడుతో కూడిన పర్యటనలు మొదలయ్యాయి. బెర్లిన్‌లో జర్మనీ పార్లమెంటు మీద 1999లో కట్టిన గాజు గోపురంలోకి ఎవరైనా ఉచితంగా ఎక్కి, కింద తమ ప్రతినిధులు కూర్చునే సభను చూడవచ్చు. లండన్‌లో 1992 నుంచి ఏటా ఒకసారి ఓపెన్ హౌస్ పేరుతో మామూలుగా మూసి ఉండే భవనాల తలుపులు జనానికి తీస్తున్నారు.

సైబరాబాద్‌కి కావాల్సింది అంత పెద్ద ఏర్పాటు కూడా కాదు. ఏడాదిలో ఒక్క ఆదివారం. సైబర్ టవర్స్ తెరిచిన నవంబరు 22 అయితే బాగుంటుంది, 2026లో ఆ తేదీ ఆదివారమే. ఎండ తగ్గి ఉంటుంది, ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి పనికి ఆటంకం లేదు. సైబర్ టవర్స్ నడిమి వాకిలి, హెచ్‌ఐసీసీ పెద్ద హాలు, టీ-హబ్ ఒక అంతస్తు, టీ-వర్క్స్ కార్ఖానా, స్టేడియం లోపలి ట్రాక్. ఈ అయిదూ చాలు మొదటి ఏడాదికి. ముందుగా పేరు నమోదు, గుర్తింపు కార్డు చూపించడం, ముప్పై మందికి ఒక గైడు. గైడ్లుగా నగరంలోని ఆర్కిటెక్చర్ కళాశాలల విద్యార్థులను పెట్టవచ్చు, తెలుగులో, ఉర్దూలో చెప్పగలిగినవాళ్ళను. రాయదుర్గం స్టేషన్ నుంచి ఒక ఆర్టీసీ బస్సు ఈ అయిదు చోట్లా తిరుగుతూ ఉంటే వృద్ధులకు నడక తప్పుతుంది. ఈ రోడ్ల మీద ఫుట్‌పాత్‌లు ఎక్కడికక్కడ తెగిపోయి ఉన్నాయి కాబట్టి బస్సు తప్పనిసరి.

రిజిస్టరు కూడా మార్చాలి. "పని ఏమిటి" అన్న గడిలో "చూడటానికి" అని రాస్తే పాస్ ఇవ్వాలని గేటు దగ్గరి అబ్బాయికి పైనుంచి రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు వెళితే చాలు, దానికి పైసా ఖర్చు లేదు. మొదటి బృందాల్లో శేరిలింగంపల్లి మండలంలోని ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఉండాలి. ఈ మేడలు కట్టినవాళ్ళలో, వీటిని రోజూ ఊడ్చేవాళ్ళలో, వీటి గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళలో చాలామంది పిల్లలు ఆ బడుల్లోనే చదువుతున్నారు.